సర్వేనాడు వెలసిన గాజులమ్మ

కోస్గి దగ్గరి ఎర్రబండపల్లెలో ఫ్రిజ్‌లు, టీవీలు, కూలర్లు మచ్చుకైనా లేవనీ, ప్రజలు విసనకర్రలతో కాలం వెళ్లదీస్తున్నారనీ ఇటీవలి ఇంటింటి సర్వేలో తేలింది. ఒక్క ఇల్లు మాత్రం మినహాయింపు. దాని సంగతి తర్వాత మనవి చేస్తాం. ముందు నర్సింహ ఇంట్లోని దీపం గురించి చెప్పుకోవాలి.

నర్సింహ మేస్త్రీ పని చేసి చెమటోడ్చి స్లాబు ఇల్లు కట్టుకున్నవాడు. కొడుకు నవీన్‌కుమార్‌కు పట్నంలో ప్రైవేటు కొలువు. ప్రైవేటు కొలువు పిలగాడికి పిల్లనిమ్మంటే ఈ రోజుల్లో లోకం ఎలా చూస్తుందో పాఠకులకు తెలియనిది కాదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే చాయ్ తాగారు, గోడలు తట్టి చూశారు, ఫోన్ చేస్తామని పోయారు. ఒక్క ఫోనూ రాలేదు. ఊళ్లో ఎవరింట బాజా మోగినా నర్సింహకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

చివరికి సంబంధాలు కుదిర్చే గురవయ్య ఇంటి నాలుగు మూలలూ చూసి జబ్బు కనిపెట్టాడు. "ఇంట్ల అడుగు పెట్టంగనే చూపు ఆగాలె నర్సింహా! మీ ఇంట్ల చూపు ఆగెతందుకు ఏమున్నది?"

చూపు ఆగేందుకు నవీన్‌కుమార్ పట్నం నుంచి వింటేజ్ డిజైనర్ గ్లాస్ టేబుల్ ల్యాంపు తెచ్చాడు. ఆకుపచ్చ గాజు గొడుగు, దాని మీద ద్రాక్ష గుత్తులు, కింద ఇత్తడి కాడ. టేబుల్ ల్యాంపన్నారే గాని దాంతోపాటు టేబుల్ ఇవ్వలేదు కనుక కుట్టుమిషను మీద నిలబెట్టారు. అది ఏ దేశపు ప్లగ్గో గాని మన సాకెట్లలో దూరలేదు. ఆ విధంగా వెలిగించే శ్రమ కూడా తప్పింది.

నర్సింహ తల్లి నాగులమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసింది. "కొత్తది దొర్కలేదా బిడ్డా?"

"పాతదే కావాలె అవ్వా. ఎంత పాతదైతే గంత విలువ."

"గట్లయితే నన్నెందుకు మూలకేసిండ్రు?" అని అడిగింది నాగులమ్మ.

దీపం పుణ్యమా అని ఒక సంబంధం కదిలింది. పిల్ల పేరు మల్లిక, బడిపంతులమ్మ. గురువారం ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. ఇక ఈ మాట తప్పిపోతే కొడుకు పెళ్లి ఆశ వదులుకోవాల్సిందేనని నర్సింహకు గట్టిగా తోచింది. సరిగ్గా అప్పుడే బుధవారం ఊళ్లో సర్వే అని చాటింపు వేశారు.

సర్వే కాగితాల్లో ఏముందో ఎవరూ చదవలేదు కనుక ఏముందో అందరికీ తెలుసు. ఫ్రిజ్ ఉంటే రేషన్ కార్డు పోతుంది, గాజు దీపం ఉంటే ముసలమ్మ పింఛన్ పోతుంది. పంచాయతీ ఆఫీసు ముందు సభ జరిగింది. మాజీ సర్పంచ్ లింగయ్య ఆవేశంతో ప్రసంగించాడు.

"సోదరులారా! బీదరికం మన తాతలు సంపాయించి ఇచ్చిన ఆస్తి! గీ ఒక్కనాడు దాన్ని కాపాడుకోలేకుంటే మనం మనుషులమే కాదు! ఎవరింట్ల ఏ సామానున్నా కాటమయ్య ఇంట్ల పెట్టుండ్రి. గాయన ఇల్లెట్లాగూ ఖాళీగనే ఉన్నది!"

చప్పట్లు మోగాయి. కాటమయ్య ఊరి చివర ఒంటి గది రేకుల ఇంట్లో ఉంటాడు. నా అన్నవాళ్లు లేరు, చూపు సరిగా ఆనదు, పింఛన్ వస్తే పొయ్యి వెలుగుతుంది. ఆయన సంతోషంగా తలుపు తీశాడు. "పెట్టుకోండ్రి బిడ్డా. నాకు సుత తోడుంటయి." రాత్రికి రాత్రి ఊరి సంపదంతా ఆ గదికి చేరింది. కాటమయ్య బయట కుక్కి మంచంలో పడుకున్నాడు.

నర్సింహ ఫ్రిజ్, టీవీ వెళ్లాయి గాని దీపం వెళ్లలేదు. గాజు కదా, తోపులాటలో పగిలితే గురువారం గతేమిటి? అప్పుడు నాగులమ్మ లేచింది. దీపానికి నిండా పసుపు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, ఎర్ర రవికె గుడ్డ చుట్టింది. "గాజులమ్మ తల్లి. దేవతలను రాసుకునే ఖానా సర్కారు కాగితంల లేదు" అంది.

సర్వేకు వచ్చినామె ఎండకు కండ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుని ఉంది. వట్టి గోడలు చూసింది, నేల మీద కూర్చున్న నాగులమ్మను చూసింది, గాజులమ్మకు దండం పెట్టుకుంది. కొడుకు పేరు నవీన్‌కుమార్ అని రాస్తూ ఒక్కసారి తలెత్తి అందరినీ చూసి, మళ్లీ రాసుకుని వెళ్లిపోయింది. ఊరంతా తిరిగి చివరికి కాటమయ్య ఇంటికి కూడా పోయింది. అది కూడా ఒక ఇల్లేనని, దాన్ని కూడా రాసుకుంటారని ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

గురువారం తెల్లారేసరికి సామాన్లన్నీ ఎవరిళ్లకు వాళ్లు తెచ్చుకున్నారు. దీపాన్ని కడిగారు. మల్లిక తల్లిదండ్రులతో దిగింది. చున్నీ లేదు గాని కండ్లు అవే. ఆమె కుట్టుమిషను ముందు ఆగి, ద్రాక్ష గుత్తుల సందుల్లో మిగిలిన పసుపును వేలితో తీసి చూసింది.

"అవ్వా, నిన్న గీ జాగల గాజులమ్మ ఉండె గదా?"

పెళ్లీ పోయింది, పింఛనూ పోయింది అనుకుని నర్సింహ గోడకు ఆనుకున్నాడు. నాగులమ్మ మాత్రం తొణకలేదు.

"ఉండె బిడ్డా. నువ్వు దండం పెట్టి పోయినవు సూడు, తల్లి కరుణించింది. ఒక్క రాత్రిల గీ ఫ్రిజ్, గీ టీవీ, గీ దీపం ఇచ్చి మాయమైంది."

మల్లిక వేలికంటిన పసుపును చూసుకుంది. తర్వాత నవ్వింది. "మా ఇంట్ల సుత గట్లనే అయింది అవ్వా. మొన్న సర్వే సార్ అటు పోంగనే మా ఫ్రిజ్ ఇటు వచ్చింది."

రెండు కుటుంబాలకూ భక్తి ఒకటేనని తేలాక ఇక ఆలోచించేదేముంది? లగ్గం ఘనంగా జరిగింది. సర్వే ఫలితాలూ వచ్చాయి. ఊరు మొత్తానికి బీదరికం మంజూరైంది. కాటమయ్య ఒక్కడు ధనికుడిగా నమోదయ్యాడు: ఇల్లు ఒంటి గది, ఫ్రిజ్‌లు ఏడు, టీవీలు పదకొండు. పింఛన్ ఆగిపోయింది.

ఒకనాడు కాటమయ్య తడుముకుంటూ నర్సింహ గడపకు వచ్చాడు. "నర్సింహా, గా సామాను నాది కాదని జర నీ కోడలికి చెప్పరాదు? పొయ్యి ముట్టిచ్చక మూడు దినాలాయె."

కాటమయ్యది కాదంటే మరి ఎవరిదని అడుగుతారని నర్సింహకు తెలుసు. లోపల మల్లిక గిన్నెల చప్పుడు ఆపింది. నాగులమ్మ కొంగుకు కట్టుకున్న పింఛన్ నోట్లు సవరించుకుంది.

"అది పైనుంచి వచ్చిన ఆర్డర్ కాకా. అమ్మకు మొక్కుకో" అన్నాడు నర్సింహ, దీపం ఉన్న దిక్కు చూపిస్తూ.

కాటమయ్య కుట్టుమిషను వైపు తిరిగి, కనపడని దీపానికి చేతులు జోడించాడు.

"తల్లీ, ఊరందరికీ ఇచ్చినవట. మంచిదే. నాకేం ఇయ్యకు. ఇచ్చినవని కాగితంల రాయిపిచ్చినవు సూడు, గదొక్కటి కొట్టేపియ్యి."

అమ్మ వెలగలేదు. ఆమెకు సరిపడే సాకెట్ మన దగ్గర లేదని ముందే మనవి చేశాం. పాఠకులు మాత్రం కంగారు పడవలసిన పనిలేదు. మీ ఊళ్లోనూ ఒక కాటమయ్య ఉంటాడు, అతని ఇల్లు ఎట్లాగూ ఖాళీగానే ఉంటుంది. సర్వే అయిన మర్నాడు మన సామాను మనం తెచ్చుకోవడం ఇంతవరకు ఎవరూ మరిచిపోలేదు.