మా ఆవిడ రాశి మారిన వైనం

న్యాయం మీరే చెప్పండి. ఎవరో మెడకు చుట్టుకుని, విసుగు పుట్టి వదిలేసిన గుడ్డ, కొత్త గుడ్డ కంటే ఎక్కువ ధర పలకడం ఏ లోకంలో ధర్మం? మా ఇంట్లోనూ పాత గుడ్డలున్నాయి. నా బనియన్లు కొన్ని మా పెళ్ళి నాటివి. వాటిని గాజు బీరువాలో పెట్టి, పైన లైటు వేసి, 'ముట్టుకోరాదు' అని చీటీ తగిలిస్తే ఎవరైనా కొంటారా?

ఇదంతా మా పై వాటాలో ఉండే గొప్పలరావు వల్ల వచ్చింది. అది ఆయన అసలు పేరు కాదు, నేను పెట్టింది. ఆయన ఏదైనా కొంటే ముందు ధర చెప్పి, తర్వాత వస్తువు చూపిస్తాడు. అలాంటివాడు ఒకరోజు తన భార్యకు పాత పట్టు స్కార్ఫు ఒకటి కొనిచ్చాడు. ఎప్పుడో కన్నుమూసిన ఒక పేరుమోసిన డిజైనరు గీసిన బొమ్మట. పన్నెండు రాశులకూ పన్నెండు స్కార్ఫులు గీశాడట ఆ మహానుభావుడు.

పై వాటా ఆవిడది సింహరాశి. ముదురు నీలం పట్టు మీద బంగారు రంగు సింహం, జూలు నిండా చుక్కలు. ముఖం మాత్రం అచ్చం గొప్పలరావుదే. ఆవిడ దాన్ని మెడకు చుట్టుకుని మెట్లు దిగుతుంటే, మా ఆవిడ గుమ్మంలో నిలబడి మెట్టు మెట్టుకూ ఒక నిట్టూర్పు విడిచింది.

ఆ సాయంత్రమే పట్టు స్కార్ఫు కోసం పట్టు పట్టింది.

"దాంతో ఏం చేస్తావు?" అన్నాను.

"మెడకు కట్టుకుంటాను."

"ఇప్పుడు చలి లేదుగా."

"మీరు టై కట్టుకునేది చలికా?"

మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. వాదనలో ఆవిడ వేసే మెట్లన్నీ సరిగ్గానే ఉంటాయి. అందుకే నేను వాదన మానేసి ఉపాయం ఆలోచించాను.

నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. క్లెయిములు నా బల్ల మీదికే వస్తాయి. ఎవరికైనా లేదని చెప్పడం మొరటుతనం. 'తప్పకుండా ఇస్తాం, అయితే' అనాలి. ఆ 'అయితే' మీదే ఇన్నేళ్ళుగా నా జీతం నడుస్తోంది. ఇంట్లో కూడా అలాంటి 'అయితే' ఒకటి కావాలి. దాన్ని వెతుక్కుంటూ మర్నాడు భోజనాల వేళ, గొప్పలరావు స్కార్ఫు కొన్న దుకాణానికి వెళ్ళాను.

పెద్ద వీధిలోంచి పక్కకు తిరిగే సందులో, తాళాలు బాగుచేసేవాడి కొట్టు పక్కన ఉంది అది. లోపల నాఫ్తలీన్ ఉండల వాసన. పొడుగు కోట్లు, పాత టోపీలు, మధ్యలో గాజు బీరువా, అందులో స్కార్ఫులు. దుకాణం నడిపే పెద్దావిడ కళ్ళజోడును గొలుసుతో మెడలో వేలాడేసుకుంది. నేను కొనేవాణ్ణనుకుని అన్నీ ఓపిగ్గా చూపించింది. అంచును వేళ్ళతో సన్నగా చుట్టి చేత్తో కుట్టారట. రంగు వెనక వైపుకు కూడా సమానంగా దిగిందట. డిజైనరు సంతకం బొమ్మలోనే ఎక్కడో దాక్కుని ఉంటుందట. సంతకం దాచుకునేవాణ్ణి మా ఆఫీసులో అయితే దగ్గరకు రానివ్వం.

మా ఆవిడ పుట్టినరోజు సెప్టెంబరు మొదట్లో వస్తుంది. అంటే కన్యారాశి. కన్య ఉందా అని అడిగాను. పెద్దావిడ విచారంగా తల ఊపింది. అది దొరకదట. ఉన్నవాళ్ళు వదలరట. తన దుకాణానికి ఒక్కసారి వచ్చి, వచ్చిన రోజే వెళ్ళిపోయిందట. మిగతా రాశులు ఏవి కావాలన్నా ఉన్నాయంది.

హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇంటికి వచ్చి చొక్కా కూడా విప్పకుండా ప్రకటించాను. "తప్పకుండా కొంటాను. అయితే నీ రాశిదే కొంటాను. ఎవరి సింహాన్నో, ఎవరి మేకనో నువ్వెందుకు మెడకు కట్టుకోవాలి?"

మా ఆవిడ నా వైపు ఎంత ప్రేమగా చూసిందంటే, నాకు క్షణం పాటు సిగ్గేసింది. ఒక్క క్షణమే.

శనివారం తను దుకాణానికి వెళ్ళి వచ్చింది. కన్య లేదని చెప్పింది. అయ్యో అన్నాను. అయ్యో అనడంలో నాకు ఆఫీసులో మంచి పేరుంది. అప్పుడు మా ఆవిడ తులారాశి స్కార్ఫు గురించి మొదలుపెట్టింది. తేనె రంగు పట్టట. ఒక తక్కెడ సిబ్బెలో నక్షత్రాలు, రెండో దాంట్లో చందమామ. నువ్వు తుల కాదుగా అని గుర్తు చేశాను.

"మీనమేషాలు లెక్కపెట్టకుండా అది కొనండి."

"కన్య కాకపోయాక, మీనమైనా మేషమైనా మనకెందుకు? షరతు షరతే."

మా ఆవిడ ఊరుకుంది. ఊరుకుంటే ఓడిపోయిందనుకున్నాను. తను ఊరుకోలేదు, వాళ్ళ అమ్మకు ఫోను చేసింది.

బుధవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అత్తగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, నేను బూట్లు విప్పేదాకా ఆగి, అసలు విషయం బయటపెట్టారు. మా ఆవిడ పుట్టింది సెప్టెంబరులో కాదట, అక్టోబరులోనట. బడిలో చేర్చినప్పుడు మామగారు నోటికి వచ్చిన తేదీ చెప్పేశారట. బడిలో రాసిందే తర్వాత అందరికీ అలవాటైపోయిందట. ఇన్నేళ్ళూ చెప్పలేదేమని అడిగాను. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదన్నారు.

"అక్టోబరులో ఏ తేదీ అండీ?"

అత్తగారు కూతురి వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏ తేదీ లోపు ఉండాలి బాబూ?" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టిన తేదీ ఒక్కరోజు సవరించమని వచ్చినవాళ్ళకు నా బల్ల ముందు చెమటలు పడతాయి. ఇక్కడ టీ తాగుతూ తాగుతూ ఏకంగా రాశినే జరిపేస్తున్నారు. వెంటనే మామగారికి ఫోను చేశాను. అమ్మాయి పుట్టిన రోజు గురించి అడగగానే, ఆ రోజు తాను ఊళ్ళో లేనన్నారు. ఏ రోజు అని అడిగితే, ఏ రోజైనా లేనని ఫోను పెట్టేశారు.

ఈలోగా అత్తగారు తేదీ అక్టోబరు ఇరవై అని ఖాయం చేసేశారు. అప్పుడు నా దగ్గరున్న పెద్ద అస్త్రం తీశాను. మా ఆవిడకు ఒక తమ్ముడున్నాడు, నాకు బావమరిది. అతను పుట్టింది మరుసటి ఏడాది జూన్ చివర్లో కదా అని అడిగాను. అవునన్నారు అత్తగారు. నెలలు నిండాకే పుట్టాడా అని అడిగాను. దానికి ఆవిడకు రోషం వచ్చింది. నిండాకే పుట్టాడట, ఎత్తుకుంటే చేతులు లాగేసేవట.

"అమ్మాయి పుట్టింది సెప్టెంబరు మొదట్లో అయితే లెక్క ఎలాగో సర్దుకుంటుంది. అక్టోబరు ఇరవై అయితే మధ్యలో ఎనిమిది నెలలే. ఎలా కన్నారండీ?"

గదిలో చప్పుడు లేదు. ఈ నిశ్శబ్దం నాకు బాగా పరిచయం. నా బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు ఇలా కాసేపు ఉండి, తర్వాత కాగితాలు సర్దుకుని లేస్తారు. అత్తగారు లేస్తారని ఎదురుచూశాను.

ఆవిడ లేవలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. మళ్ళీ విప్పి లెక్కపెట్టారు. "మీరు చెప్పింది నిజమే బాబూ. నాకు ఇంత ఆలోచన తట్టలేదు. అంటే ఇది ఆ ముందు ఏడాది అక్టోబరులో పుట్టి ఉండాలి."

అలా ఎలా కుదురుతుందన్నాను. మీ లెక్క ప్రకారం ఇంకెలా కుదురుతుందని అడిగారు. మామగారు నెల ఒక్కటే కాదు, ఏడాది కూడా తప్పు చెప్పి ఉంటారని, ఆయనకు ఇవన్నీ ఒకటేనని తేల్చారు. మా ఆవిడ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, మనసులో లెక్క వేసేటప్పుడు చూసినట్టుగా పైకప్పు వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నా బాధంతా షరతు నెరవేరిపోయిందనే.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి పరిగెత్తాను. తుల స్కార్ఫును దాచేయమని, మా ఆవిడ వస్తే అమ్ముడైపోయిందని చెప్పమని బతిమాలాను. పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని నన్ను తనివితీరా చూసింది. అమ్మనిదాన్ని అమ్మానని చెప్పే నోరు తనకు లేదంది. అమ్మితే చెబుతానంది.

అక్కడ నిలబడే ఆలోచించాను. ఇవాళ కొనేస్తే అబద్ధం నిజమైపోతుంది. నాలుగు రోజుల్లో మా ఆవిడ మోజు చల్లారుతుంది. అప్పుడు తెచ్చి తిరిగి ఇచ్చేసి డబ్బు పుచ్చుకుంటే, స్కార్ఫు కొనకుండా తప్పించుకున్నట్టే. అలా, స్కార్ఫు కొనకుండా ఉండడం కోసం స్కార్ఫు కొన్నాను. ఇదేం తెలివి అని మీరు అడగొచ్చు. ఆ సమయానికి మాత్రం అది తెలివిలాగే కనిపించింది.

పొట్లాన్ని ఆఫీసు సొరుగులో రబ్బరు స్టాంపుల వెనక దాచాను. నేను సొరుగు తెరిచినప్పుడల్లా ఆ నాఫ్తలీన్ వాసనకు పక్క సీటు గుమాస్తా తుమ్మేవాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ బడి నుంచి దుకాణం మీదుగా ఇంటికి వచ్చింది. కూనిరాగం తీస్తూ కూర తరిగింది. స్కార్ఫు మాట ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. అత్తగారు కూడా ఎత్తలేదు, వెళ్ళే ఊసు కూడా ఎత్తలేదు. మోజు నేననుకున్న దానికంటే ముందే చల్లారిందని సంబరపడి, పొట్లం పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

పెద్దావిడ పొట్లం ముట్టుకోలేదు. వేలాడుతున్న ఒక పొడుగు కోటును పక్కకు జరిపింది. దాని వెనక గోడ మీద చిన్న అక్షరాల్లో ఒక బోర్డు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.'

షరతును అంత చిన్న అక్షరాల్లో రాసి, దాని మీద కోటు వేలాడదీస్తారా? ఇది పచ్చి మోసమని, మనుషులకు కనబడని షరతు చెల్లదని గొంతు పెంచాను. ఆవిడ ఓపిగ్గా విని, నేనేం పని చేస్తానని అడిగింది. చెప్పాను. అయితే మీకు నేను వివరించనక్కర్లేదంది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఎలాగూ నెత్తిన పడింది కాబట్టి పేరైనా దక్కించుకోవాలి. ఆదివారం పొద్దున టీ అయ్యాక, అత్తగారు కూడా చూస్తుండగా, పొట్లాన్ని మా ఆవిడ చేతిలో పెట్టాను. ఊరంతా గాలించానని, ఎవరో కొనుక్కుపోతే వాళ్ళ ఇల్లు వెతికి పట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి తెచ్చానని, మడమలు ఇంకా నొప్పిగా ఉన్నాయని చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే కళ్ళు చెమర్చాయి.

మా ఆవిడ పొట్లం విప్పింది. స్కార్ఫును కిటికీ వెలుతురులో పట్టుకుని అంచు తడిమి చూసింది. మెడకు చుట్టుకుని అద్దం ముందు నిలబడింది. నిజం చెప్పొద్దూ, బావుంది. చందమామ ఉన్న సిబ్బె సరిగ్గా భుజం మీదికి వచ్చింది.

"చాలా బావుంది. పాపం, అంత తిరిగావా?" అంది.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "ఏమన్నావు?"

"అంత తిరిగావా అన్నాను."

"తిరిగారా అనాలి."

"ఎందుకూ? నువ్వు పుట్టింది జనవరిలో. నేను ఆ ముందు అక్టోబరులోనే పుట్టాను. లెక్క నీదే."

పెళ్ళయిన నాటి నుంచి నేను ఆవిడకంటే ఎనిమిది నెలలు పెద్ద. ఆ ఎనిమిది నెలల బలం మీదే ఈ ఇంట్లో ఎన్నో మాటలు నెగ్గించుకున్నాను. 'పెద్దవాణ్ణి చెబుతున్నాను' అంటే అక్కడికి వాదన ఆగిపోయేది. ఆ పెద్దరికాన్ని నా నోటితో నేనే లాగి, సోఫాలో కూర్చున్న అత్తగారి ఒళ్ళో పడేశాను.

ఆవిడ వైపే తిరిగి ఇది మర్యాదేనా అని అడిగాను.

"మొగుణ్ణి అలా అనకూడదని నిన్ననే చెప్పాను బాబూ. కానీ చిన్నవాళ్ళను 'మీరు' అనడం మాత్రం ఏం బావుంటుంది?"

ఇదంతా అబద్ధమని, స్కార్ఫు కోసం అల్లిన కథని, పుట్టింది సెప్టెంబరులోనేనని ఇద్దరూ ఒప్పుకుని తీరాలని పట్టుబట్టాను. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంటానంది. ఒప్పుకుంటే తను కన్య అవుతుంది కాబట్టి, షరతు ప్రకారం తుల స్కార్ఫు తనకు చెందదట. మెడలోంచి తీసి నా చేతికి ఇవ్వబోయింది. కావాలంటే దుకాణంలో తిరిగి ఇచ్చేసి రమ్మంది.

అప్పుడు తెలిసింది నాకు. నేను కొన్ననాడే పెద్దావిడ మా ఆవిడకు అంతా చెప్పేసిందట. 'అమ్ముడైపోయిందని చెప్పమన్నారు, చెప్పాను. ఎవరికని అడిగితే చెప్పొద్దని ఆయన అనలేదు' అందట. పొడుగు కోటు జరిపి బోర్డు కూడా చూపించిందట. నేను ఎప్పుడు తీసుకొస్తానా అని అమ్మా కూతుళ్ళిద్దరూ రోజూ ఎదురుచూశారట.

ఇంత కుట్ర నా సొంత ఇంట్లో, నా సొంత టీ తాగుతూ చేశారు. ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు తగ్గించి, కనీసం నలుగురిలోనైనా 'మీరు' అనమని, ముఖ్యంగా పై వాటా గొప్పలరావు ముందు పరువు తీయొద్దని అడిగాను. మా ఆవిడ స్కార్ఫు ముడి సర్దుకుంటూ, ఆలోచిస్తానంది.

"ముందు ఆ గ్లాసులు తీసుకెళ్ళి సింకులో పెట్టు" అంది.

మండుతున్న ఒంటితోనే లేచి గ్లాసులు తీశాను. పెద్దవాళ్ళు చెప్పాక కాదంటే ఏం బావుంటుంది?