జింకల గైడు చూసిన పులి

ఆ రోజు పొద్దున జింకల గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవడం, మొహం కడుక్కోవడం, జీపు తుడుచుకోవడం, ఎవరో ఒకరికి పులిని చూపించి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి భోంచేయడం. మొదటి మూడూ ఆయన చేతిలో ఉన్నవే కాబట్టి చక్కగా జరిగిపోయాయి.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ అభయారణ్యంలో దాన్ని వాడేవాళ్లు లేరు. ఆయన జీపు ఎక్కినవాళ్లకు జింకలు కనబడతాయి. మందలు మందలుగా, వద్దన్నా కనబడతాయి. పులి మాత్రం కనబడదు. వెనక జీపువాళ్లకు కనబడుతుంది, ముందు జీపువాళ్లకు కనబడుతుంది, ఈయన అక్కడికి వెళ్లేసరికి ఖాళీ రోడ్డు ఉంటుంది. అందుకని తోటివాళ్లు ఆయన్ని జింకల గైడు అన్నారు. అది విని నవ్వి ఊరుకునేవాడు. అసలు సంగతి ఇంకా ఘోరం. అన్నేళ్ల సర్వీసులో ఆయన పులిని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. అడుగుజాడలు చూశాడు, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూశాడు, టికెట్టు మీద బొమ్మ చూశాడు. అంతే. ఈ ముక్క ఆయన భార్యకు తప్ప మరో ప్రాణికి తెలియదు.

సీజను ముగిసేలోగా ఈయన జీపుకు ఒక్క పులైనా కనబడకపోతే లోపలి జోను నుంచి తీసేసి చెరువు జోనుకు వేస్తానని రేంజి ఆఫీసరుగారు ఎప్పుడో చెప్పేశారు. చెరువు జోనంటే బాతులు. అక్కడికి పులి రాదు, రావాలన్నా మధ్యలో కంచె ఉంది. సీజనుకు ఆ రోజే ఆఖరు.

గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే భార్య ఓదార్చబోయింది. జీతం ఎక్కడైనా అదే కదా, బాతులైతే మీద పడి కరవవు కదా అంది. ఆయన చెప్పు పట్టీ పెట్టుకోవడం ఆపి, తలెత్తకుండానే అన్నాడు.

"జోను మారుతుందని కాదే నా దిగులు. ఇన్నేళ్లు దాని ఇంట్లో తిరిగి, దాని మొహం చూడకుండా పోతానేమోనని."

ఆవిడ నీళ్ల సీసా తెచ్చి చేతికిచ్చింది.

గేటు దగ్గర ఆయన జీపుకు వచ్చినవాళ్లు ముగ్గురు. ఒక బామ్మగారు, ఆవిడ కొడుకు, కోడలు. బామ్మగారు పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. నిటారుగా కూర్చుంటారు, తక్కువ మాట్లాడతారు, మాట్లాడితే అక్షరం అక్షరం వినబడుతుంది. ఆ స్పష్టతలో సగం వాటా కట్టుడు పళ్లది. అవి లేకుండా ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రి దీపం ఆర్పాకే తీస్తారు, తెల్లారి దీపం వేయకముందే పెట్టుకుంటారు. మాటల్లో కొడుకు తల్లికి పూర్తిగా విరుద్ధం. గేటు దాటేదాకా పులి గురించి తనకు తెలిసిందంతా గైడుకు చెబుతూనే ఉన్నాడు.

లోపలి జోనులో నియమాలు గట్టివి. మాట్లాడకూడదు. హారన్ కొట్టకూడదు. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఏం జరిగినా జీపు దిగకూడదు. మరి ఒక జీపుకు పులి కనబడితే ఇంకో జీపుకు తెలిసేదెలా? అందుకు గైడ్లు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంజను ఆపేసి, జీపులో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి, ఒకే వైపు చూస్తుంటే అక్కడ పులి ఉన్నట్టు. జింక కోసం ఎవరూ ఇంజను ఆపరు. నెమలి కోసం ఆపుతారు గానీ కూర్చునే చూస్తారు. ఈ పద్ధతి అప్పటిదాకా ఏనాడూ తప్పలేదు.

అడవిలోకి జీపు తిరగ్గానే కొడుకు కూడా నోరు మూశాడు. అక్కడ ఎవరైనా మూయాల్సిందే. మంచు ఇంకా చెట్ల మొదళ్లను వదల్లేదు. ఎండ పై కొమ్మల దాకా వచ్చి, కిందికి దిగాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది. ఆకు మీంచి ఆకు మీదికి నీటిబొట్టు జారే చప్పుడు జీపు శబ్దంలో కూడా వినబడుతోంది. ఇంత పెద్ద అడవి ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలుగుతోందని కోడలికి ఒళ్లు జలదరించింది. మలుపులో జింకల మంద ఒకటి తలలెత్తి, పాత చుట్టాన్ని చూసినట్టు గైడును చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఎండిన వాగు పక్కన రోడ్డు సన్నబడే చోట, ముందు వెళ్లిన జీపు లేపిన దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. అది బామ్మగారి ముక్కుకు చేరింది. ఆవిడ జేబురుమాలు తీసేలోపలే తుమ్ము వచ్చేసింది. ఆ తుమ్ముతోపాటు పై పళ్ల సెట్టు కూడా బయటికొచ్చి, జీపు అంచు దాటి, రోడ్డు పక్కనున్న ముళ్ల పొదలో పడింది.

బామ్మగారు శాలువా చెంగుతో నోరు మూసుకుని గైడు భుజం తట్టారు. ఆవిడకు ఆయాసం వచ్చిందేమోనని ఆయన బండి ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. ఆవిడ పొద వైపు వేలు చూపించారు. విషయం కొడుక్కి అర్థమై, కోడలి చెవిలో చెప్పాడు. ఇద్దరూ లేచి నిలబడి పొదలోకి తొంగి చూశారు. బామ్మగారూ లేచారు. గైడూ లేచాడు. నలుగురూ ఒకే వైపు చూస్తున్నారు.

వెనక వస్తున్న జీపులో పెద్ద కెమెరా ఆయన ఒకడున్నాడు. లెన్సు ఆయన చెయ్యంత పొడుగు. ఆ జీపు మెత్తగా వచ్చి పక్కన ఆగింది. ఇంజను ఆగింది. అందరూ లేచి నిలబడ్డారు. లేదు, ఏమీ లేదు అని గైడు అరచేతిని అటూ ఇటూ ఊపాడు. కదలొద్దని అంటున్నాడనుకుని వాళ్లు ఊపిరి కూడా బిగబట్టారు. కెమెరా టిక్కుటిక్కుమంది. నోరు విప్పి చెబుదామంటే నియమం అడ్డం. పైగా చెప్పాల్సింది ఒక పెద్దావిడ పళ్ల గురించి, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు.

ఆ తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పుపట్టలేం. రెండు జీపులు నిలబడితే మూడోది ఆగకుండా ఎలా పోతుంది? మూడు ఆగాక, స్కూలు పిల్లల్నీ టీచర్లనీ ఎక్కించుకొచ్చిన పెద్ద బస్సు ఆగింది. అల్లరికి పేరుపడిన క్లాసంతా కిమ్మనకుండా నిలబడింది. వాళ్ల టీచరమ్మ దండం పెట్టింది. కొత్తగా పెళ్లైన జంట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ ముళ్ల పొద మీదికి ఎండ అప్పుడే దిగింది. ఎండుగడ్డి పసుపుగా వెలిగింది, మధ్యలో కొమ్మల నీడలు నల్లగా పడ్డాయి. చూడాలనుకున్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఒకాయనకు చెవి కనబడింది. పక్కావిడకు తోక కనబడింది. తనకేమీ కనబడలేదని ఒప్పుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. కానీ వాళ్ల కళ్లల్లో భక్తి మాత్రం అబద్ధం కాదు. కొందరి కళ్లు నిజంగానే చెమర్చాయి. ఆఖరికి, తల్లి పళ్ల కోసం లేచి నిలబడిన కొడుకు కూడా ఇంతమందిని చూసి గైడు చెవిలో గుసగుసలాడాడు.

"అమ్మ పళ్లు సరిగ్గా దాని ముందరే పడ్డట్టున్నాయండీ."

గైడుకు అనుమానం వచ్చింది. ఒకవేళ నిజంగానే ఉందేమో. ఇన్నేళ్లూ తనకే కనబడలేదు, ఇప్పుడూ తనకే కనబడటం లేదేమో. ఆయనా కళ్లు చిట్లించి చూశాడు. పొద, ముళ్లు, గడ్డి. అంతే.

అంతలో రేంజి ఆఫీసరుగారి జీపు వచ్చింది. జనమంతా ఇప్పుడు పొదను వదిలి ఆయన్ని చూస్తున్నారు. ఆయన బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని చాలాసేపు చూశారు. టికెట్టు కొన్నవాళ్లకు కనబడిన పులి రేంజి ఆఫీసరుకు కనబడకపోతే ఇంకేమైనా ఉందా? ఆయన ఒక వేలెత్తారు. జనం ఆశగా చూస్తూనే ఉన్నారు. ఆయన మనసు కరిగి, చెయ్యి కాస్త కిందికి దించి, ఇంకో రెండు వేళ్లు చూపించారు. తల్లి, రెండు పిల్లలు. బస్సులో టీచరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆఫీసరుగారు తన జీపులోంచే వంగి, గైడు భుజం తట్టి, చెవిలో చెప్పారు.

"నీ జోను నీదేనయ్యా. ఇక ఎవరూ కదపరు."

ఇంతకాలం కోరుకున్నది చేతికొచ్చింది. ఆయనకు సంతోషం వేయాలి. సిగ్గేసింది.

బామ్మగారికి నిలబడి నిలబడి కాళ్లు లాగాయి. పొద వైపు చూస్తే పళ్లు గుర్తొచ్చి ఉక్రోషం వస్తోంది. అందుకని అందరికీ వీపు పెట్టి, వాగు వైపు తిరిగి కూర్చున్నారు. ఆ వైపు చూస్తున్నది ఆవిడ ఒక్కరే. కాసేపటికి గైడు చొక్కా చెయ్యి ఎవరో పట్టి లాగినట్టయింది. ఆయన వెనక్కి తిరిగాడు.

వాగు అవతలి ఒడ్డున చెట్ల నీడలోంచి పులి బయటికొచ్చింది.

అది దాక్కోలేదు, తొందరపడలేదు. ఇసుకలోకి దిగి, తన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేవాళ్లలా నడిచింది. ఇంత పెద్దదా అనుకున్నాడు ఆయన. బొమ్మల్లో ఎవరూ ఇంత పెద్దదని చెప్పలేదు. అడుగు వేసినప్పుడల్లా భుజం కింద చర్మం నింపాదిగా కదులుతోంది. ఒళ్లంతా నిప్పురంగు, దాని మీద నల్లటి చారలు. అంత బరువు ఇసుకలో నడుస్తున్నా చిన్న చప్పుడు లేదు. పక్షుల కూతలు ఆగిపోయాయి. మధ్యలో ఆగి తల తిప్పింది. జీపుల వరసను, బస్సును, అన్ని వీపులను చూసింది. తర్వాత ఆ రెండు మొహాలను చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు, వాళ్ల మీద పెద్దగా ఆసక్తి కూడా లేదు. గైడు తన పేరు, ఊరు, వయసు అన్నీ మరిచిపోయాడు. అరవాలన్న ఆలోచనే రాలేదు. పులి మళ్లీ నడిచి, వాగు మలుపు తిరిగి, వెదుళ్లలో కలిసిపోయింది. ఆయన కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

బామ్మగారి శాలువా చెంగు ఎప్పుడో జారిపోయింది. ఆవిడ నోరు తెరిచి ఉంది. పళ్లు లేని ఆ మొహం పసిపిల్లలా వెలిగిపోతోంది. నోరు మూసుకోవాలన్న ధ్యాస కూడా ఆవిడకు లేదు.

"నాయనా," అన్నారు మెల్లగా. "ఇది చూశాక పళ్లెవరికి కావాలి?"

ఆ మాటకు గైడు ఆగలేకపోయాడు. అందరినీ వదిలి తన చొక్కాయే పట్టి లాగారు ఆవిడ. ఆవిణ్ణి ఈ మొహంతో గేటు దగ్గర జనంలోకి దింపడమా? ఆయన జీపు తలుపు తీసి, కిందికి దిగి, తిన్నగా పొద వైపు నడిచాడు. నిజానికి భయపడాల్సిన దిక్కు వెనకది. జనం మాత్రం ముందుదిక్కు చూసి గుండెలు చేతబట్టుకున్నారు. కెమెరా ఆయన లెన్సు దించేశాడు. ఆఫీసరుగారు చెయ్యి ఎత్తి, ఎత్తినట్టే ఉండిపోయారు. గైడు మోచేతుల దాకా పొదలోకి దూర్చి వెతికి, గీరుకుపోయిన చేతులతో బయటికొచ్చి, రుమాలులో చుట్టిన మూటను బామ్మగారి చేతిలో పెట్టాడు.

పొదలో ఏమీ లేదని ఇప్పటికైనా తెలియాలి కదా. అలా అనుకుంటే, అంతసేపూ తాము చూసిందేమిటని ఒక్కొక్కరూ తమను తామే అడగాలి. అంతకంటే ఆ మనిషికి ప్రాణభయం లేదనుకోవడం సుఖం. గేటు దగ్గర జనం గైడును ఎత్తినంత పని చేశారు. ఆ మూటలో ఏముందో కొడుకు అప్పటికే అందరికీ చెప్పేశాడు కాబట్టి, పిల్లల తల్లి ముందు నుంచి పళ్లు తెచ్చిన మగాడన్నారు. గైడు తల వంచుకుని నిలబడ్డాడు.

ఆఫీసరుగారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. పులి ఉన్నచోట జీపు దిగడం చెరువు జోనుకు పంపాల్సినంత నేరం. అక్కడ పులే లేదంటే దిగడం చిన్న తప్పు, మందలించి వదిలేయొచ్చు. కానీ అప్పుడు పులిని చూపించలేదు కాబట్టి ఎలాగూ చెరువు జోనే. ఆ పైన ఆ రెండు పిల్లల సంగతి కూడా ఎవరో ఒకరు తేల్చాలి. ఆఫీసరుగారు ఇదంతా ఆలోచించి అడిగారు.

"చెప్పవయ్యా. పులిని చూశావా లేదా?"

"చూశాను సార్." ఆ మాట ఆయన జీవితంలో మొదటిసారి నిజంగా అన్నాడు.

"పిల్లల్ని?"

"అవి మీరు చూశారు సార్."

ఆఫీసరుగారు సొరుగులోంచి జోను మార్పు కాగితం తీసి, దాని మీద సంతకం పెట్టారు. సంతకం పెడుతూ మొట్టమొదటిసారి గైడును కూర్చోమన్నారు కూడా.

మధ్యాహ్నానికి ఆయన ఇంటికి చేరాడు. భార్య గీరుకుపోయిన చేతులు చూసి కంగారుపడింది, బాతుల సంగతి విని నిట్టూర్చింది, తర్వాత ఆయన మొహంలోకి చూసి చేస్తున్న పని వదిలేసి పక్కన కూర్చుంది. ఎలా ఉందండీ అని అడిగింది. ఆయన చెబుదామని నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొదలో ఉన్న పులికి ఆఫీసరుగారు పేరు పెట్టారు, రెండు పిల్లలతో సహా.