స్తంభానికి అటూ ఇటూ

కిర్ర్... కిర్ర్... కిర్ర్... టక్.

కళ్ళు తెరవకముందే ఆ చప్పుడు నన్ను పలకరించేది. మా పడకగది పంకా అది. ఒకప్పుడు పద్యాలు రాసిన పాపానికి, నిద్ర పట్టని నేను దాని గణాలు కట్టేవాణ్ణి. గణాలు సరిపోయేవి, ప్రాస కుదిరేది, సరిగ్గా ‘టక్’ దగ్గరే యతి తప్పేది. యతి తప్పిన చోటల్లా నాకు నిద్ర తప్పేది.

మెకానిక్ వచ్చి, పంకాను కాసేపు జాలిగా చూసి, “దీని ఈడు పంకాలేవీ ఇప్పుడు లేవండి” అన్నాడు. మమ్మల్ని పరామర్శించి వెళ్ళిపోయాడు.

మీరే చెప్పండి, ఎండాకాలంలో రాత్రి నిద్ర లేని మనిషి పగలు ఏం చేస్తాడు? నాది కళ్ళద్దాల దుకాణం. వచ్చినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడమీది అక్షరాలు చదివించడం నా పని. అక్షరాలు చిన్నవయ్యేకొద్దీ వాళ్ళ గొంతు సన్నబడేది, నా రెప్పలు బరువెక్కేవి. ఒకాయన చివరి వరుస కూడా చదివేసి, నా భుజం తట్టి, “సార్, నాకు బాగానే కనిపిస్తోంది. మీకే కళ్ళు తెరుచుకోవడం లేదు” అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా వీధి చివరి పాత థియేటరు గోడమీద ప్రకటన వెలిసింది. ఈ వేసవి పొడుగునా సాయంత్రాలు పాత సినిమాలు, వారాంతాల్లో గానకచేరీలు. తాతల కాలంనాటి కట్టడం. మూరెడు మందం రాతిగోడలు. బయట నిప్పులు కురిసినా లోపల కొత్తకుండలో కూర్చున్నట్టుంటుంది. అందరూ ఆ ప్రకటనలో కళను చూశారు. నేను మంచాన్ని చూశాను.

అయితే పక్కన భార్య ఉండగా భర్త నిద్రపోవడం ఎలా? దానికీ ఆ థియేటరులోనే ఉపాయం ఉంది. హాలు నడుమ ఒక లావుపాటి స్తంభం. చారిత్రక కట్టడం కనుక దాన్ని పడగొట్టడానికి వీల్లేదు. దాని వెనుక సీట్లు ఎవరూ కొనరు.

“స్తంభం వెనక సీట్లు కావాలి. అటొకటి, ఇటొకటి. సీజనంతటికీ” అన్నాను.

టికెట్లిచ్చే ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి నన్ను పరీక్షగా చూశాడు. “ఇంట్లో ఏమైనా గొడవలా సార్?”

మా ఆవిడ మాత్రం పొంగిపోయింది. “మీరా? నన్నా? సినిమాకా?” అని మూడు ప్రశ్నలు వేసి, నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. “జ్వరం కూడా లేదే!”

ఆమె ఆశ్చర్యంలో న్యాయముంది. నేను సహజంగా మితభాషిని. పెళ్ళయిన కొత్తలోనే నా సంభాషణ ‘వెళ్తున్నా’, ‘వచ్చా’, ‘చాలు’ అనే మూడు మాటల్లో స్థిరపడిపోయింది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. వేసవి సెలవుల్లో ఆమె దగ్గర మాటలన్నీ మిగిలిపోయేవి, తీసుకునే నాథుడు లేక. పేరు పెట్టి పిలవడానికి కూడా నాకు నోరు రాక, ‘ఇదిగో’ అనేవాణ్ణి. నా పద్యాల రోజుల్లో, ఆమెను మొదటిసారి చూసినప్పుడు, మనసులో ఒక ముద్దుపేరు పెట్టుకున్నాను. పెట్టుకోవడమే, పిలిచింది లేదు. అది నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని వెనక్కి వెళ్ళిపోయేది.

మొదటి సాయంత్రం సీట్లు చూడగానే ఆమె పొంగు చల్లారింది.

“ఊరందరికీ చూపు అమర్చిపెట్టే మనిషి, పెళ్ళానికి స్తంభం చూపిస్తారా?”

“చారిత్రక స్తంభం.”

“నాకు సగం తెరే కనిపిస్తోందండీ!”

“తక్కిన సగం ఇటు నాకు కనిపిస్తుందిగా. కలుపుకుంటే ఒకటి.”

“అర్ధాంగికి అర్ధం తెర! శాస్త్రం సరిగ్గానే చదువుకున్నారు” అని స్తంభానికి అటువైపు కూర్చుంది.

దీపాలు ఆరాయి. పైన పాతకాలపు పెద్ద పంకాలు హోరుమని తిరుగుతున్నాయి. ఆ హోరులో నా గురక ఏటిలో కలిసిన వానచినుకు. నాయకుడు పుట్టడం చూశాను. కళ్ళు తెరిచేసరికి అతని పెళ్ళి అయిపోయి, జనం లేచి నిలబడుతున్నారు. నా జన్మలో అంత చక్కని సినిమా చూడలేదు.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ అంది: “నా సగంలో ఆ అమ్మాయి చెయ్యెత్తి ఎవరినో లాగిపెట్టి కొట్టిందండీ. దెబ్బ తిన్నవాడు మీ వైపున్నాడు. ఎవరతను?”

ఈ ప్రశ్న నా పథకంలో లేదు.

“పోస్టుమాన్” అన్నాను.

“పోస్టుమాన్నా! పాపం, ఎందుకు?”

“ఉత్తరం ఆలస్యంగా తెచ్చాడు.”

“ఎవరి ఉత్తరం?”

ఇక తప్పలేదు. ఆ ఉత్తరం రాసినవాణ్ణి పుట్టించాను. అతనికొక చెల్లెలిని, ఆ చెల్లెలికొక కుంటిమేకను ఇచ్చాను. వీధి మలుపు దగ్గర మేక తప్పిపోయింది. మా గుమ్మం ముందు దొరికింది. తాళం తీస్తూ మా ఆవిడ, “అమ్మయ్య” అంది.

నా నోట అన్ని మాటలు ఒక్కసారిగా రావడం నేనే మొదటిసారి వినడం.

రెండో సినిమాకు, “ఆ ముసలాయన మీ వైపు ఏదో చూసి వలవల ఏడ్చాడండీ, ఏముందక్కడ?” అంది.

“గొడుగు.”

“గొడుగును చూసి ఏడుస్తారా?”

“మామూలు గొడుగయితే ఏడవరు” అని మొదలుపెట్టాను. అది అతని భార్య గొడుగు. వాన వచ్చిన ప్రతిసారీ ఆమె దాన్ని అతనికి ఇచ్చి తాను తడిసేది. ఇప్పుడు వాన లేదు, ఆమె లేదు, గొడుగు మాత్రం కొక్కేనికి వేలాడుతోంది. చెబుతూ చెబుతూ చూస్తే మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నిద్రపోయి వచ్చినవాడు ఏడవడం ఎంత అన్యాయమో నాకు తెలుసు. అయినా ఏడ్చాను.

కచేరీ రోజున కాస్త నిశ్చింతగా నిద్రపోయాను. పాట స్తంభాన్ని చుట్టి వస్తుంది కదా, సగం సగం బేరం ఉండదనుకున్నాను. దారిలో ఆమె, “పాడేవారు నావైపున్నారు. మీవైపు వాయించిందెవరండీ?” అంది. “ఒక పెద్దాయన, వేణువు” అన్నాను. ఆయనకు ఊపిరి ఆడదని డాక్టర్లు వద్దన్నారనీ, అయినా వాయిస్తున్నారనీ చెప్పాను. “అంత ఊపిరి లేకపోబట్టేనేమో, నాకు వేణువు వినపడనే లేదు” అంది మా ఆవిడ, ఎంతో అమాయకంగా.

అలా ఆ వేసవిలో నాకు రెండు సుఖాలు అమరాయి. హాల్లో నిద్ర, దారిలో మాట. మొదటిదాని కోసం వెళ్ళినవాణ్ణి, రెండోదాని కోసం త్వరగా నిద్ర లేవసాగాను. నిజానికి నాకు భయం కూడా మొదలైంది. నేను నిద్రపోతున్నానని తెలిస్తే ఆమె ఇక అడగదు. అడగకపోతే నేను చెప్పలేను. మళ్ళీ ‘వెళ్తున్నా’, ‘వచ్చా’, ‘చాలు’. ఆ నడక పోతే ఏమీ మిగలదనిపించేది.

ఇంతలో ఆరాల అత్తయ్యగారు రంగప్రవేశం చేశారు. మా పక్కింటావిడ. మా ఇంట్లో పాలు పొంగినా, ‘ఎందుకు పొంగాయి’ అని ఆరా తీస్తారు. మా ఆవిడ పోస్టుమాన్ కథా, గొడుగు కథా ఆమెకు చెప్పింది. మర్నాడు ఆమె ఆ గొడుగు సినిమాకు వెళ్ళివచ్చి, నేరుగా మా వసారాలో నిలబడ్డారు.

“అబ్బాయీ, గొడుగేది? ఆ ముసలాయన ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాడు!”

మా ఆవిడ నావైపు తిరిగింది. చివరికి వృత్తి ఆదుకుంది.

“మీరెక్కడ కూర్చున్నారు అత్తయ్యగారూ?”

“నట్టనడుమ, స్తంభానికి ముందు వరుసలో.”

“అదీ సంగతి. నట్టనడుమ వెలుగు నేరుగా కళ్ళలో పడుతుంది. గొడుగు వెనకెక్కడో చీకట్లో ఉంటుంది. స్తంభం పక్కనుంచి ఓరగా చూస్తేనే అందుతుంది. చూపుల శాస్త్రంలో దీన్ని...”

“చాల్లే అబ్బాయీ, నువ్వంటే నాకు నమ్మకం. ఈ కళ్ళద్దాలు నువ్విచ్చినవేగా” అని ఆమె వెళ్ళిపోయారు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతూ లోపలికి వెళ్ళింది. దగ్గు చాలాసేపు తగ్గలేదు.

ఆ తరువాతి సినిమాకు వెళ్ళేసరికి, థియేటరు పుట్టినప్పటినుంచి అమ్ముడుపోని స్తంభం పక్క సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. నా ఎడమపక్క అత్తయ్యగారు. ఆమె పక్కన ఆమె భర్త, ఊకొట్టు మామయ్యగారు. వెనుక వీధి వీధంతా. అందరూ తెరను ఓరగా చూడటానికి తలలు ఒకే వైపుకు వాల్చారు. మెడలన్నీ గాలికి వంగిన చేనులా ఉన్నాయి.

“ఇప్పుడు కనిపించిందా అబ్బాయీ?” అని అత్తయ్యగారు.

“ఊఁ” అని, నా బదులు మామయ్యగారు.

ఇంకెక్కడి నిద్ర! మధ్యలో మేనేజరు వచ్చి నా చెవిలో, “సార్, మీరెవరో కానీ మా స్తంభానికి మహర్దశ పట్టించారు. అయితే కొందరు వచ్చి, సినిమాలోంచి పోస్టుమాన్ సీనును ఎందుకు కోసేశారని పోట్లాడుతున్నారు. ఎవరండీ ఆ పోస్టుమాన్?” అన్నాడు. నేను స్తంభాన్ని ఇంకాస్త దగ్గరగా కౌగిలించుకుని కూర్చున్నాను.

సీజను ముగింపు కచేరీ రోజు వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. గాయని ఆలాపన అందుకుంది. ఆ రోజు నేను నిద్రపోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆఖరి నడకకు అబద్ధం వద్దు, నిజంగా చూసిన సగం చెప్పాలి. అంతా చెప్పేసి, క్షమించమనాలి.

టప్పున కరెంటు పోయింది.

పంకాల హోరు ఆగిపోయింది. ఆ వేసవిలో మొదటిసారి ఆ హాలు నిశ్శబ్దంగా ఉంది. మా ఆవిడ భయపడుతుందేమోనని స్తంభం చుట్టూ చెయ్యి చాచి, అటు దొరికిన చేతిని ధైర్యంగా పట్టుకున్నాను.

“ఊఁ” అంది ఆ చెయ్యి.

ఊకొట్టు మామయ్యగారు ఎప్పుడో సీటు మారారు! ఆయన చెయ్యి ఆయనకు ఇచ్చేసి, కంగారుగా కేకపెట్టాను: “ఇదిగో!”

“ఆఁ, ఏంటండీ?” అని ముందు వరుసలోంచి ఒక ఇల్లాలు. “ఇక్కడే ఉన్నా, అరవకండి” అని వెనకనుంచి ఇంకొకరు. “తాళాలు మీ జేబులోనే ఉన్నాయి!” అని మేడమీది సీట్లలోంచి మరొకావిడ. హాలు హాలంతా ఇదిగోలే.

ఇంతలో టార్చి తాత వచ్చాడు. జనాన్ని సీట్లకు చేర్చే పెద్దాయన. టార్చి నా ముఖంమీద వేసి, “మీ ఆవిడగారి కోసమా బాబూ? ఆ సీట్లో ఎందుకుంటారు? మొదటి రోజునుంచీ నా బెంచీమీదే కదా కూర్చుంటున్నారు. అక్కణ్ణుంచి తెరంతా కనిపిస్తుంది” అన్నాడు.

“తెరంతానా?”

“తెరా, మీరూనూ. నోరు తెరుచుకుని నిద్రపోతుంటే చూసి నవ్వుకునేవారు.”

మాట పూర్తయ్యేలోగా టార్చి వెలుగు సన్నగిల్లి ఆరిపోయింది. నా పరువు కూడా దానితో పాటే. పోస్టుమాన్, కుంటిమేక, గొడుగు, ఊపిరి ఆడని వేణువు, అన్నీ వరుసగా నా ముందుకు వచ్చి నిలబడి నన్ను చూశాయి.

“అంతా తెలుసా నీకు?” అన్నాను చీకటితో.

“మొదటి రోజునుంచీ తెలుసు.” ఆమె గొంతు ఎటునుంచో వచ్చింది. నవ్వు ఆపుకుంటున్న గొంతు.

“మరి ఎందుకు అడిగావు?”

“మీరు చెబుతారని.” చీకట్లోంచే మళ్ళీ అంది: “సినిమాలు అందరికీ ఒక్కటే చూపించారండీ. నాకు మాత్రం రెండేసి దొరికాయి. రెండోదే బాగుండేది.”

ఆమె ఎక్కడుందో వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది. “ఎక్కడున్నావు? పలుకు. ఇదిగో!”

మళ్ళీ నలుమూలల నుంచీ “ఆఁ!”

“అలా కాదు” అంది మా ఆవిడ. “నిద్రలో ఒక పేరు పిలుస్తారు చూడండి, అలా పిలిస్తేనే పలుకుతా.”

“నిద్రలోనా? నేనా?”

“మొదటి రోజు ఇంటర్వెల్‌లో మీ దగ్గరికొస్తే, కళ్ళు మూసుకుని ఎవరినో పిలుస్తున్నారు. ఎవరా మహాతల్లి అని నా గుండె ఆగిపోయింది. వెంటనే ‘గ్యాస్ కట్టేశావా?’ అని అడిగారు. అప్పుడు తెలిసింది, నేనేనని.”

హాలంతా గొల్లుమంది. “పిలవవయ్యా అబ్బాయీ, మొహమాటమెందుకు” అని అత్తయ్యగారు. “ఊఁ” అని మామయ్యగారు. వేదికమీద గాయని కూడా శ్రుతి ఆపి ఎదురుచూస్తోంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. ఇంతకాలం నన్ను దాచిన స్తంభంమీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. దానికి మనసులో దణ్ణం పెట్టుకుని, మొట్టమొదటిసారి దాన్ని వదిలి నడవలోకి వచ్చాను. పంకా చప్పుడు లేదు. యతి తప్పించే ‘టక్’ లేదు. నాలుక చివర చెప్పులు విడిచి నిలబడ్డ ఆ పేరును, ఈసారి వెనక్కి పోనివ్వకుండా, గొంతెత్తి పిలిచాను:

“తూనీగా!”