మూడో అంతస్తులో సమానత్వం

మానవజాతి ఎన్ని యుగాలుగానో కలలుగన్న సమానత్వం ఎట్టకేలకు మా న్యాయ కళాశాలలో, మూడో అంతస్తులో, మెట్ల పక్కన సిద్ధించిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

భవనం మొత్తానికీ ఆడవాళ్లకున్న మరుగుదొడ్డి అక్కడే. దాన్ని రోజుకు నాలుగుసార్లు కడిగే ఆమెకు ఏడో నెల. కడగొచ్చు, వాడకూడదు. వాడాలంటే సిబ్బంది కార్డుండాలి. ఆమెను పంపింది కాంట్రాక్టరు కాబట్టి, ఆఫీసు ఫైల్లో ఆమె సామాన్ల జాబితాలో, ఫినాయిల్ కింద, చీపుర్ల పైన ఉంది. (చీపుర్లకు కార్డులివ్వరు.) అందుకని అవసరం పడ్డప్పుడల్లా బస్టాండు దాకా నడుస్తుంది. రానూపోనూ అరగంట.

పనిచోట ఆడవాళ్లు, అందులోనూ పేదవాళ్లు, ఎలా నలిగిపోతున్నారో మూడేళ్లు పరిశోధించి నాలుగు వందల పేజీలు రాసిన మా ప్రొఫెసరమ్మకు ఈ సంగతి పుస్తకం అచ్చయ్యాక తెలిసింది.

“నాకెందుకు చెప్పలేదు నువ్వు?” అని కడిగే ఆమెను అడిగింది.

“మీరు రాసుకుంటున్నారు కదా మేడమ్, కదిలించడమెందుకని.”

ప్రొఫెసరమ్మకు తల కొట్టేసినట్టయింది. కడిగే మనిషికీ కార్డున్న మనిషికీ తేడా ఉండకూడదని ఆరోజే ఫిర్యాదు పెట్టింది.

సమానత్వ కమిటీ కూర్చుంది. ఐదుగురూ మగవాళ్లే. (ఆడవాళ్లుంటే పక్షపాతం అంటారని ముందుజాగ్రత్త.) గుమాస్తా మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

“కడగడానికి ఎలాగూ లోపలికి వెళ్తుంది కదండీ. తలుపేసుకున్నాక ఏం చేసిందని మనమెందుకు అడగడం?”

“చట్టం చెప్పే చోట దొంగచాటు పనులా? ఏదైనా రూలు ప్రకారమే జరగాలయ్యా,” అన్నాడు ఛైర్మన్.

రూలు ప్రకారం చూస్తే ఆమెను సిబ్బందిలో కలపడానికి పదకొండు సంతకాలు కావాలి. సిబ్బందిని ఆమెతో సమానం చేయడానికి ఒక్క తాళం చాలు. కమిటీ ఏకగ్రీవంగా తాళం వేయించింది. తాళంచెవి, భద్రత దృష్ట్యా, ఛైర్మన్ జేబులో ఉంటుంది. ఆ తీర్మానం చదివి వినిపించిన సభలో నాకు ఒళ్లు మండింది. చప్పట్లు మాత్రం కొట్టాను, హాజరు వేస్తున్నారు.

ఇప్పుడు ఇద్దరూ కలిసే బస్టాండుకు వెళ్తున్నారు. ఒకే ఎండ, ఒకే క్యూ. “మెల్లగా నడువమ్మా,” అంటూ ప్రొఫెసరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంటుంది. తిరిగొచ్చాక గుమాస్తా రిజిస్టరు తీసి ఇద్దరి అరగంటా రాస్తాడు.

ప్రొఫెసరమ్మది క్షేత్ర పరిశోధన. ఆమెది గైర్హాజరు.