పేరు చెప్పని ఓనరు

బెజవాడ ఆటోనగర్‌లో బస్సు సీట్లు కుట్టే జీవరత్నం ఆ సోమవారం ఒక స్కూలు బస్సు పని ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాలనుకున్నాడు. తొమ్మిదింటికి లక్ష్మీకాంత్ అనే కొత్త కస్టమరు వచ్చాడు.

"పన్నెండు తెల్ల సోఫాలు కావాలండీ, ఆదివారానికి. యాచ్‌లో వేస్తాం."

"యాచ్ అంటే?"

"కోటీశ్వరులు తిరిగే ఓడండీ." లక్ష్మీకాంత్ ఫోన్లో బొమ్మ చూపించాడు. మూడంతస్తుల తెల్ల ఓడ.

"ఎవరిదండీ?"

"ఓనరు గారు పేరు చెప్పొద్దన్నారు."

పేరు తెలిసి ఉంటే జీవరత్నం అక్కడితో మరిచిపోయేవాడు. తెలియకపోయేసరికి సూది ముందుకు కదల్లేదు. భార్య తెరేసమ్మకు ఫోన్ చేశాడు.

"పేరే చెప్పడంటే ఎంత పెద్దోడో చూడు."

"పొద్దున గన్నవరంలో చిన్న విమానం ఒకటి దిగిందంట. ఆయనదే అయ్యుంటది," అంది తెరేసమ్మ.

పదకొండింటికి టీ కొట్టు దగ్గర ఓనరు గురించి జీవరత్నానికే కొత్త సంగతులు తెలిశాయి. ఓడలో కుళాయిలు బంగారంవట. మంచు కురిసే గది ఉందట. ఆయన మొహం కెప్టెన్ కూడా చూడలేదట.

పక్క షాపులో రేడియేటర్లు బాగుచేసే సురేష్‌కు ఒకటే అనుమానం. "అంతా బానే ఉంది గానీ, ఓడ కృష్ణా బ్యారేజీ ఎట్లా దాటుద్ది?"

"గేట్లు ఎత్తుతారేమోలే," అన్నాడు జీవరత్నం, టీ ఊదుకుంటూ.

గంట తిరక్కుండా తెరేసమ్మ అక్క అమలమ్మ ఫోన్ చేసింది. ఆమెది బ్యారేజీకి దిగువన లంక ఊరు.

"మరిదిగారూ, గేట్లు ఎత్తేస్తున్నారంటగా! గేదెల్నీ మంచాల్నీ మీ అన్నయ్యనీ గట్టు మీదికి చేర్చేశాం. ఊరంతా సర్దుకుంటోంది."

"ఎవరు చెప్పారొదినా?"

"ఆటోనగర్‌లో ఎవరో పెద్ద మేస్త్రీ అంట. మీకు తెలుసా ఆయన?"

"తెలీదొదినా," అన్నాడు జీవరత్నం. ఆ రోజు ఇక భోజనానికి ఇంటికి వెళ్లలేదు.

మూడింటికి షాపు ముందు జీపు ఆగింది. గేట్లు చూసే ఇంజనీరు జయంత్ గారు దిగారు.

"గేట్లు ఎత్తుతారంది నువ్వేనా? మధ్యాహ్నం నుంచీ ఫోన్లు ఎత్తలేక చస్తున్నా. ఎవడయ్యా ఆ కోటీశ్వరుడు? ఇక్కడ చెప్తావా, స్టేషన్లో చెప్తావా?"

"దేవుడి తోడు నాకు తెలీదు సార్. సోఫాలు చెప్పినాయనకే తెలుసు," అంటూ లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేశాడు జీవరత్నం.

పది నిమిషాల్లో స్కూటరు మీద వచ్చిన లక్ష్మీకాంత్, జయంత్ గారిని చూసి బ్రేకు వేశాడు.

"సార్, మీరేంటిక్కడ?"

"నువ్వేంటయ్యా ఇక్కడ?"

"మీ అమ్మాయి సాయిశ్రీ ఓణీల ఫంక్షన్‌కే కదండీ ఈ సోఫాలు! బెజవాడలో ఎవరూ చూడని స్టేజీ వెయ్యమన్నారుగా. ప్లైవుడ్‌తో యాచ్ కడుతున్నామండీ. సర్‌ప్రైజని మీకు చెప్పలేదు. ఇంత ఖర్చెక్కడిదని అడుగుతారని, పేరు బయటికి రాకూడదన్నది మాత్రం మీరేనండీ."

షాపులో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి.

"మరి మంచు కురిసే గది?" అన్నాడు సురేష్, వదులుకోలేక.

"పొగ మిషను పెడతామండీ."

జయంత్ గారు సగం కుట్టిన స్కూలు బస్సు సీటు మీద కూలబడ్డారు. "గేట్లు ఎత్తట్లేదని మీవాళ్లకి చెప్పు జీవరత్నం. నా పేరు మాత్రం చెప్పకు," అన్నారు మెల్లగా.

జీవరత్నం అప్పటికప్పుడే వదినకు ఫోన్ చేశాడు. పేరు చెప్పకూడదు, ఓడ లేదంటే ఆమె నమ్మదు. "అది నదిలోకి రాదొదినా. కంకిపాడు ఫంక్షన్ హాలు దగ్గరే ఆగిపోద్దంట."

"అమ్మో! అంత ఓడ కంకిపాడు కాలవలోకి ఎట్లా దూరింది?" అంది అమలమ్మ.

ఆదివారం కంకిపాడుకు పిలవని జనం నాలుగు వందల మంది వచ్చారు. సాయిశ్రీ ఓణీ సర్దుకుంటూ ఓడ మెట్లు దిగింది. అందరూ అక్షింతలు వేసి, ఓనరు ఎక్కడని ఆరా తీశారు. మనుషులు చాలక తానే గరిటె పట్టి పప్పు వడ్డిస్తున్న జయంత్ గారు, ఆయన రాలేదని చెప్పారు.