మీ తాత కళ్ళజోడు తీసి చదివిన పేజీలు

ఇలా దగ్గరికి జరుగు. ఆ ఫోను పక్కన పడెయ్. మీ తాత కునుకు తీస్తుండగానే ఇది చెప్పెయ్యాలి, లేకపోతే మధ్యలో దూరి తనకు అనుకూలంగా సవరిస్తాడు. సవరించడంలో ఆయనెంత ఘనుడో ఇప్పుడు వింటావు. తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

మా ముందుగదిలో ఆదివారాలు పుస్తకాల గుంపు చేరేది. అందరూ ఒకే నవల చదివొచ్చి పోట్లాడుకునేవారు. నాకు చిన్నప్పుడే బడి మాన్పించారు గనుక, భోజనాలయ్యాక మీ తాత ఆ నవలను పైకి చదివేవాడు, నేను చిక్కుళ్ళు ఒలుస్తూ వినేదాన్ని.

ఆ నెల నవలలో ఒకావిడకు మందులేని జబ్బు. మొగుడూ డాక్టరూ కూడబలుక్కుని, వట్టి గ్యాసేనని ఆవిడకు చెబుతుంటారు. సరిగ్గా అప్పుడే నాకూ కడుపులో నొప్పి. ఆసుపత్రిలో పరీక్షలయ్యాక మీ తాత ఒక్కడే లోపలికెళ్ళి డాక్టరుతో మాట్లాడొచ్చి, వట్టి గ్యాసేనే అన్నాడు. అని ఊరుకోక, ఇంటికి రాగానే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గ్లాసులు ఏ అలమారాలో ఉంటాయో పెళ్ళయిననాటి నుంచీ తెలియని మనిషి.

ఆ మధ్యాహ్నం నవల చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడవసాగాడు. తుడుస్తూనే ఉన్నాడు, చదువుతూనే ఉన్నాడు. జోడు లేకపోతే ఎదురుగా కూర్చున్న నన్నే పోల్చుకోలేడు, అక్షరాలు గడగడా చదివేస్తున్నాడు. నవల్లో ఆవిడకు జబ్బు నయమైపోయింది, మేడ మీద బట్టలు ఆరేసుకుంది, మొగుడికి కాఫీ కూడా కలిపింది.

చిక్కుడుకాయ నా చేతిలో అలాగే ఉండిపోయింది. పుస్తకంలో లేనిది చదువుతున్నాడంటే, ఆసుపత్రిలో ఉన్నదేదో మింగేశాడన్నమాట. మర్నాడు కూరలకని చెప్పి, సంచి పుచ్చుకుని నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆదివారం గుంపు దిగింది. బల్ల గుద్దనిదే మాట రాని రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన ఉండేవాడు, గంట మాస్టారనేవాళ్ళం. నవల్లో డాక్టరుది ద్రోహమన్నాడాయన. ఇంటివాళ్ళు చెప్పొద్దంటే డాక్టరేం చేస్తాడంది పక్కవీధి పళ్ళ డాక్టరమ్మ. నేను వంటింట్లో ఉన్నానన్న ధైర్యంతో మీ తాత లేచి నిలబడ్డాడు. ఆడదాని గుండె దూదిట, నిజం చెబితే జబ్బు కన్నా ముందు బెంగే తీసుకుపోతుందిట, దాచిన మొగుడు దేవుడితో సమానమట. గంట మాస్టారు టీపాయి మీద ఒక్క గుద్దు గుద్దాడు. కప్పులన్నీ డాక్టరమ్మ ఒళ్ళోకి చేరాయి.

నేను గుడ్డ తెచ్చి తుడుస్తూ అడిగాను. "అయినా ఆవిడకు నయమైందిగా, బట్టలు కూడా ఆరేసుకుంది. దీనికింత రగడ ఎందుకండీ?"

గంట మాస్టారు తెల్లబోయాడు. "ఆవిడ సగం పుస్తకంలోనే పోయిందమ్మా."

అందరూ మీ తాత వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"పెట్టుకోండి," అన్నాను. "నేను డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను."

"ఎప్పుడే? ఏమన్నాడు?"

"మీతో అననివి కూడా చాలా అన్నాడు. మా ఆయనకు మాత్రం చెప్పకండి బాబూ, ఆయన గుండె దూది అని ఒట్టు వేయించుకుని వచ్చాను."

"అదేమిటే, నీ మొగుణ్ణి. నాకు తెలియక్కర్లేదా?"

"తెలుసుకుని ఏం చేస్తారు? వట్టి గ్యాసు."

అంతే, ఇంతసేపు దాచినవాడు దేవుడన్న నోటితోనే, దాచడానికి వాడెవడని డాక్టరుని తిట్టిపోశాడు. మనింటి మనిషి రోగం మనకు చెప్పకపోవడమేమిటన్నాడు. అప్పుడొచ్చింది నాకు అసలు కోపం.

"రోగం నాదండీ. కడుపు నాది, చావొస్తే అదీ నాదే. నా వంటింట్లో ఉప్పెక్కడుందో తెలియని మీరు, నా చావును నాకు దొరక్కుండా ఎక్కడ దాచారు?"

గంట మాస్టారు బల్ల గుద్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుంపు చప్పుడు చేయకుండా చెప్పులేసుకుంది.

డాక్టరు మాట చెప్పమని మీ తాత బతిమాలాడు. జోడు పెట్టుకుని ఆవిడ పోయే పేజీలు చదివితేనే చెబుతానన్నాను. చదివాడు. చెప్పి ఉంటే పిల్లలతో మాట్లాడుకునేదాన్ని కదా అంటుంది ఆవిడ పోయేముందు. అక్కడ మీ తాత చెయ్యి మళ్ళీ జోడు మీదికి పోయింది. ఆగనివ్వలేదు, మొత్తం చదివించాను.

అప్పుడు చెప్పాను. కడుపులో గడ్డ ఉంది, కోస్తే బతుకుతానో లేదో సగం సగం. కోయమని నేనే చెప్పి వచ్చాను, ఆసుపత్రికి సంచి మొయ్యడమొక్కటే ఆయన పని. బుద్ధిగా మోశాడు.

గడ్డ పోయింది, నేను మిగిలాను. కోపం కూడా మిగిలింది, చూస్తున్నావుగా.

ఇది గుర్తుపెట్టుకో, నీ పిల్లలకు చెప్పు. మీ తాతను ఇంకాస్త వెర్రివాడిని చేసి చెప్పినా నాకేం అభ్యంతరం లేదు, చివర మాత్రం మార్చకు. నా చివర వచ్చినప్పుడు కూడా అంతే. ముందు నాకు చెప్పు.