బడి పంపిన బరువు కబురు

ఆ గురువారం పొద్దున షెరెల్ వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి చర్చివాళ్ళంతా ఫోనులో కలిసి చేసే ప్రార్థన వింటూ కూతురి లంచ్ డబ్బా సర్దాలి. పిల్లను బడి దగ్గర దింపి, ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ ముగించుకుని, సాయంత్రం పాస్టరమ్మగారి పుట్టినరోజు విందుకు మాకరోనీ చీజ్ వండాలి. ఆమె చేతి మాకరోనీకి అమెరికాలోని ఆ పైన్ బ్లఫ్ ఊళ్ళో, నల్లవాళ్ళ పేటంతటా పేరుంది.

తొమ్మిదేళ్ళ నైజా సంచిలో డబ్బా పెట్టబోతే గులాబీ రంగు కవరు చేతికి తగిలింది. మీద "తల్లిదండ్రులకు మాత్రమే, రహస్యం" అని ఉంది. సోమవారం బడిలో పిల్లలందరి ఎత్తూ బరువూ చూశారు. కిందటేడు ఇలాంటి కవరే ఆడపడుచు కూతురికి వచ్చింది, లావుగా ఉందని. ఆ పిల్ల నెల రోజులు కంచం ముందు కూర్చుని ఏడ్చింది.

షెరెల్ కవరును దీపానికి అడ్డం పెట్టి చూసింది. ఏమీ కనబడలేదు. కనబడకపోవడమే అనుమానంగా తోచింది.

"ఏంటది?" అంటూ భర్త డెమెట్రిక్ కాఫీ కప్పుతో వచ్చాడు.

"మన పిల్ల లావట. బడివాళ్ళు రాసి పంపారు."

"చదివావా?"

"చదవడమెందుకు? ఆటల పీరియడ్ ఎత్తేసింది వాళ్ళు. కూల్‌డ్రింకుల మిషను పెట్టింది వాళ్ళు. ఇప్పుడు త్రాసు తెచ్చి నా వంటకు తీర్పు చెప్తారా? మా అమ్మమ్మ ఊరికే అనలేదు, తెల్లవాళ్ళు మనల్ని కొలిచిన ప్రతిసారీ మన దగ్గర్నుంచి ఏదో ఒకటి పట్టుకుపోయారని!"

బల్ల మీది ఫోనులోంచి దగ్గు వినిపించింది. "నిజం పలికావు, సిస్టర్ షెరెల్."

మన గొంతు అవతలికి వినబడకుండా నొక్కాల్సిన మీట ఆమె నొక్కలేదు. ప్రార్థనలో ఉన్న నలభై ముగ్గురూ విన్నారు.

"ఆ కవరు తెరవకు!" అన్నాడు చర్చి పెద్ద డీకన్ పర్విస్ ఫోనులో. "తెరిస్తే అందుకున్నట్టు. అందుకుంటే ఒప్పుకున్నట్టు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో చేశాను, నాకు తెలీదా?"

వంటింటి గుమ్మంలో నైజా ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. బల్ల దగ్గరకొచ్చి, వెన్న వేసిన గ్రిట్స్, ఆ మొక్కజొన్న జావ గిన్నెను పక్కకు జరిపింది.

"నాకు ఆకలి లేదమ్మా."

రోజూ రెండోసారి అడిగి వేయించుకునే పిల్ల. ఇంకా తెరవని కవరు అప్పుడే పని మొదలుపెట్టేసింది.

మధ్యాహ్నం లాండ్రీలో ముఖపరిచయం కూడా లేని ఒకావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ధైర్యంగా ఉండమ్మా. ఎవరో పాపని లావుందని ప్రభుత్వం వాళ్ళు తీసుకెళ్ళిపోతున్నారట, నీకు తెలిసిన పిల్లేనటగా?" షెరెల్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇంతమంది అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది.

సాయంత్రం పిల్లను తీసుకురావడానికి బడికి వెళ్ళేసరికి, పొద్దున ఫోనులో విన్నవాళ్ళతో చర్చి బస్సు ముందే వచ్చి ఆగి ఉంది. పుట్టినరోజు విందు వంటకాలన్నీ అందులోనే ఉన్నాయి, సాక్ష్యంగా. చర్చికంతటికీ పెద్దమ్మ, ఎనభై రెండేళ్ళ మదర్ బూన్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పీచ్ పళ్ళతో చేసిన తీపి కాబ్లర్ పట్టుకుని దిగింది. "మనవాళ్ళ పిల్లలు ఏం తింటారో వాళ్ళకీ తెలియాలి!" నైజా లంచ్ డబ్బా మాత్రం మూత తియ్యకుండానే ఉంది. షెరెల్ దాన్ని ఊపి చూసి తన సంచిలో పెట్టుకుంది.

బడి నర్సు మిస్ టాలీ వరండాలోకి వచ్చింది. వయసులో చిన్నది. ఆమె తల్లి ఆ ఊళ్ళోనే జుట్టు అల్లే దుకాణం నడుపుతుంది. "కవరు తెరిచారా అమ్మా?"

"మీరే తెరవండి. మేం ముట్టుకోం," అన్నాడు డీకన్.

"ఇందరి ముందా?"

"మా దగ్గర రహస్యాల్లేవు!" అంది షెరెల్.

నర్సు నిట్టూర్చి, షెరెల్ సంచిలోంచి కవరు తీసి చదివింది. "మీ పాప ఎత్తుకు తగ్గ బరువు లేదు. ఇంట్లో కడుపునిండా తింటోందో లేదో గమనించగలరు."

నలభై తలలు షెరెల్ వైపు తిరిగాయి.

"ఏమ్మాయ్," అంది మదర్ బూన్ మెల్లగా, "పిల్లకి తిండి పెట్టడం లేదూ?"

"నేను ముందే చెప్పాను, తెరవొద్దని," అన్నాడు డీకన్.

లావన్నా ఇంత మంట పుట్టేది కాదు. "ఎత్తెంత రాశారు?" అంది షెరెల్ పంటి బిగువున.

"యాభై ఏడు అంగుళాలు."

"యాభై ఏడా? అది నా భుజం దాకా కూడా రాదే!"

నర్సు చూపు పిల్ల తల మీదికి పోయింది. జడలన్నీ నడినెత్తికి ఎక్కించి, అక్కడ బంతంత కొప్పు. ఆదివారం షెరెల్ అయిదు గంటలు కూర్చుని వేసింది.

"కొలిచే ఆవిడ పలక కిందికి నొక్కబోయింది," అంది నైజా. "మా అమ్మ తప్ప నా జుట్టు ఎవరూ ముట్టుకోకూడదన్నాను. దాంతో కొప్పు పైనే ఆపేసింది."

ఆ నియమం షెరెల్‌ది. బస్సులో వచ్చిన ఆడవాళ్ళందరూ తమ కూతుళ్ళకు చెప్పినదీ అదే. అందరి చేతులూ తమ జుట్టు మీదికి పోయాయి.

"అయితే ఇప్పుడిది విప్పాలా?" అంది షెరెల్.

"అక్కర్లేదు." మిస్ టాలీ తల్లీకూతుళ్ళను గదిలోకి పిలిచి, వెనకాలే వస్తున్న డీకన్ ముక్కు ముందే తలుపు వేసింది. పొద్దుటి నుంచి ఆ ఇంటివాళ్ళకు దొరికిన మొదటి నిశ్శబ్దం అదే. తన సంచిలోంచి సన్నటి తోక ఉన్న దువ్వెన తీసి, వంగి పిల్లను అడిగింది. "నన్ను ముట్టుకోనిస్తావా, తల్లీ?"

నైజా అమ్మ వైపు చూసింది. షెరెల్ తలూపింది.

దువ్వెన తోక జడల మధ్యలోంచి మాడు దాకా దిగింది. ఒక్క వెంట్రుక కదలలేదు. కొప్పు ఎత్తు అయిదంగుళాలు. నర్సు లెక్క మళ్ళీ కట్టి కాగితం షెరెల్ చేతికిచ్చింది. బరువు ఎత్తుకు సరిగ్గా సరిపోయింది.

"అయితే నేను లావు కాదా?" అంది నైజా.

"కాదు తల్లీ. సన్నమూ కాదు."

"మరి కాబ్లర్ తినొచ్చా?"

షెరెల్ కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది. తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ డీకన్ పర్విస్ కాస్తలో మదర్ బూన్ చేతిలోని కాబ్లర్ మీద పడేవాడు.

మంగళవారం కొత్త కవరు వచ్చింది. ఈసారి షెరెల్ తనే తెరిచి రెండుసార్లు చదివింది, కాగితం తిప్పి వెనకవైపూ చూసింది.

"అంతా బాగుందట," అంది డెమెట్రిక్‌తో. "ఏదో దాస్తున్నారు."